పంపేముందు ఎవరూ చదవని మెయిల్

గెస్ట్‌హౌస్ వెనక గేటు దగ్గర కారు దిగిన ఇంజనీరు మూడో అడుగు వెయ్యలేదు. ఒకటే తూటా. సైలెన్సర్. పక్కనున్న వాచ్‌మన్ ఆయన కాలు జారి పడ్డాడనే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పెన్సిల్ తన చీఫ్ ముందు నిలబడ్డాడు. పెన్సిల్ అనేది ఏజెన్సీలో అతని కోడ్‌నేమ్. చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. పెన్సిల్ బయటి వేషం వేరు. కార్లూ పార్సిళ్లూ బుక్ చేసే ట్రావెల్ ఆఫీసులో గుమాస్తా. చొక్కా కింద దిండు కుట్టిన పొట్ట, నూనె కారే తల, ముక్కు మీద మందపాటి కళ్లద్దాలు. ఆఫీసువాళ్లు సోడాబుడ్డి అని పేరు పెట్టారు. నాలుగు నెలలుగా అదే బతుకు.

"ఇంజనీరు మూడోవాడు," అన్నాడు పెద్దాయన. "ముగ్గురికీ కారు బుక్ చేసింది మీ ఆఫీసే. ఏ గేటు, ఏ టైము, అంతా మీవాళ్లకే తెలుసు. ఆ విదేశీ ముఠాకి ఎలా చేరుతోంది?"

"ఫోన్లు విన్నాను సార్. చెత్తబుట్టలు వెతికాను. గుండీ కెమెరాతో ప్రతి టేబులూ ఫొటో తీశాను. ఏమీ లేదు."

"మెయిల్స్?"

"రోజూ పోయేవే. మేనేజర్ దిద్దనిదే ఒక్కటీ బయటికి పోదు."

పెద్దాయన ఒక కాగితం తోశాడు. "మీ క్లయింటు పూలకొట్టుకి నిన్న వెళ్లిన మెయిల్. ఎవరు రాశారు?"

కింద పెన్సిల్ మారుపేరే ఉంది. 'ఎర్ర గులాబీలు, ఆరు పెట్టెలు పంపుతున్నాం.'

పెన్సిల్ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "నేను రాసింది తెల్లవి. రెండు పెట్టెలు."

"ఎరుపంటే వెనక గేటు. తెలుపంటే ముందు గేటు. ఆరు పెట్టెలంటే ఆరు గంటలు. ముందు ఇద్దరూ పోయిన రోజుల మెయిల్స్ కూడా తీయించాను. లెక్క సరిపోయింది. ఆ కొట్టు ముఠాది. పంపేముందు నువ్వు చదవలేదా?"

"లేదు."

"ఎందుకని?"

ఏం చెబుతాడు? ఆ ఆఫీసు పద్ధతి అది. గుమాస్తా రాస్తాడు. మేనేజర్ దిద్ది వెనక్కి పంపుతుంది. గుమాస్తా బటన్ నొక్కుతాడు. దిద్దాక మళ్లీ చదివే మనిషి అక్కడ లేడు. తన రాత మీద ఎర్ర గీతలు చూసుకోవడం ఎవరికిష్టం? టికెట్లు చూసే అమ్మాయైతే మొహం అటు తిప్పుకుని మరీ నొక్కుతుంది. పెన్సిల్‌కీ ఆ జబ్బు అంటుకుంది. గూఢచారిగా వెళ్లినవాడు గుమాస్తా అయి కూర్చున్నాడు. ఒక మనిషి ప్రాణం పోయింది.

"దిద్దింది మీ మేనేజరే," అన్నాడు పెద్దాయన. "ఆవిడ మన మనిషే. నీకంటే ఏడాది ముందు నేనే పంపాను. అటు తిరిగిపోయింది."

పెన్సిల్ కాగితం బల్ల మీద బోర్లించాడు.

"ఏరా, ఏమైంది?"

"ఏం లేదు సార్."

చాలా ఉంది. నల్లకోటు, ఎర్ర లిప్‌స్టిక్, ఎత్తుమడమల చెప్పుల టకటక. ఆ చప్పుడు వినబడితే ఆఫీసంతా నడుం నిటారు చేసుకునేది. వెనక ఎర్రపెన్ను అనేవాళ్లు, ఎదురుగా మేడమ్ అనేవాళ్లు. సాయంత్రం నాలుగింటికి మాత్రం కిటికీ దగ్గర రెండు కప్పుల టీ ఉండేది. ఒకటి ఆవిడది, ఒకటి సోడాబుడ్డిది.

"క్షమించండి అని రెండుసార్లు రాశారేంటండీ?" అనేది. "ఒక్కసారి చాలు. రెండోసారి అడిగితే, తప్పు నిజంగానే పెద్దదనుకుంటాడు క్లయింటు."

అని ఒకటి కొట్టేసేది. అతను కావాలనే రెండుసార్లు రాసేవాడు. ఆ గీత కోసం.

"ఎందుకు తిరిగిపోయింది సార్?"

"తల్లిలా పెంచిన అక్క వాళ్ల చేతిలో ఉంది. ఎక్కడో తెలీదు. నాలుగో పని కూడా అయితే వదిలేస్తారట, చెడితే ఆ అక్క బతకదు." పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. "గురువారం నాలుగింటికి డాక్టరమ్మ వస్తోంది. ముసలావిడ. ముందు గేటు. ఆవిడ దిద్దిన మెయిల్‌లో తెలుపు అని ఉంటుంది. దాన్ని ఎరుపు చేసి పంపు. ముఠా వెనక గేటుకి పోతుంది. మనవాళ్లు అక్కడుంటారు."

"ఆ అక్క?"

పెద్దాయన కిటికీ తెర లాగేశాడు.

గురువారం మూడున్నరకి టకటక అతని టేబుల్ దగ్గర ఆగింది.

"మెయిల్ దిద్దాను. ఈరోజు పంపేముందు చదవండి."

"మీరు దిద్దాక ఇంకేం చదవాలి మేడమ్?"

"అదే మీ అందరి తప్పు." ఆవిడ వంగి గొంతు తగ్గించింది. "ఇంకోటి. కళ్లద్దాలు తీసి తుడిచేటప్పుడు స్క్రీన్ చదవకండి. అంత మందం అద్దాలవాడికి గోడే కనబడదు. నాలుగు నెలలుగా చూస్తున్నా."

అతను గబుక్కున అద్దాలు ముక్కు మీదికి తోసుకున్నాడు. ఆవిడ నవ్వింది.

"టీ తాగుదామా?" అన్నాడు ఏమనాలో తెలియక.

"నాకు బయట పనుంది. మీరు తాగండి. చల్లారబెట్టకండి, ఎప్పట్లా."

టకటక మెట్లు దిగిపోయింది.

అతను మెయిల్ తెరిచాడు. వేలు అప్పటికే రంగు తిరగేసే మీట మీద ఉంది; ఒకసారి నొక్కితే తెలుపు ఎరుపవుతుంది, ఎరుపు తెలుపవుతుంది. రంగు మార్చాలి, పంపాలి. అంతే పని. మార్చబోయి ఆగిపోయాడు.

'ఎర్ర గులాబీలు, నాలుగు పెట్టెలు.'

ఎరుపు! ఆవిడే ముఠాకి తప్పుడు గేటు రాసింది. తను చదవకుండా మార్చి ఉంటే ముఠాని తిన్నగా డాక్టరమ్మ మీదికే తోలేవాడు. నాలుగు నెలల్లో మొదటిసారి చివరిదాకా చదివాడు. అడుగున రెండు లైన్లు, తను రాయనివి.

'క్షమించండి.

క్షమించండి.'

ఒక్క అక్షరం ముట్టుకోకుండా పంపాడు.

పంపాక తట్టింది. వెనక గేటుకి ఎవరూ రాకపోతే మోసం తెలిసిపోతుంది, అక్కని చంపేస్తారు. అక్క బతకాలంటే అక్కడికి ఎవరో ఒకరు రావాలి. కారు దిగాలి. బయట పనుందంది!

పరిగెత్తాడు. దిండు పొట్ట మెట్ల మీదే జారిపోయింది. చేతి గడియారంలోని మైకులో అరిచాడు. "పెద్దాయనా! వెనక గేటుకి కారొస్తే ఆపండి!"

"డాక్టరమ్మ ముందు గేటు దాటేసింది. ఇంకే కారు?"

నాలుగయింది. వీధి మలుపు తిరిగాడు. వెనక గేటు దగ్గర ఒక ముసలావిడ కారు దిగుతోంది. నెరిసిన జుట్టు, భుజాల నిండా శాలువా, చేతికర్ర. నడుం వంచి ఒక్కో అడుగూ వేస్తోంది. వేషంలో వంక పెట్టడానికి లేదు. చెప్పులే మార్చుకోలేదు. టక. టక.

"ఆగు!" అన్నాడు. మొదటిసారి ఆవిణ్ణి నువ్వు అన్నాడు.

మూడో టక వినబడలేదు.

ఎదురు మేడ మీద హంతకుడు రేడియోలో "అయిపోయింది" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే ఏజెన్సీ మనుషులు వాడి మీద పడ్డారు. మాట మాత్రం వెళ్లిపోయింది. వెళ్లాలనే ఆవిడ కోరిక.

పెన్సిల్ ఆవిడ తల ఒళ్లోకి తీసుకున్నాడు. నెరిసిన విగ్గు పక్కకి జరిగింది.

"చదివారా?"

"చదివాను."

"ఒకటి కొట్టెయ్యలేదు కదా?"

"లేదు."

"మంచిది," అంది. ఇంకేమీ అనలేదు.

అయిదింటికి ముఠా ఒప్పందం ప్రకారం అక్కని బస్టాండులో వదిలేసింది. అయిదుంపావుకి పూలకొట్టులో అందరికీ బేడీలు పడ్డాయి. ఏజెన్సీవాళ్లు వెంటబెట్టుకొచ్చిన అక్క గుమ్మంలో నిలబడి, "మా చెల్లి ఏది బాబూ? ఆఫీసులో లేటయిందా?" అంది. పెన్సిల్ ఆవిడకి కుర్చీ వేశాడు. మంచినీళ్లు ఇచ్చాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు అతను రిపోర్టు రాసి ఇచ్చాడు. పెద్దాయన ఎర్ర పెన్ను తీశాడు. 'అటు తిరిగిన ఏజెంట్' అన్నచోట కొట్టేసి, 'మన ఏజెంట్' అని రాశాడు. ఇంజనీరు సంగతి ఉన్న పేజీ మాత్రం దిద్దలేదు, అలాగే ఉంచాడు. చివరికొచ్చి ఆగాడు.

"క్షమించండి అని రెండుసార్లు రాశావేంట్రా? ఒక్కసారి చాలదూ?"

"ఉండనివ్వండి సార్," అన్నాడు పెన్సిల్, మామూలు అద్దాల కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "దాన్ని కొట్టేసే మనిషి సెలవులో ఉంది."