గుంత దగ్గర ఆగిన ఎర్ర కారు

కోకాపేటలో సగంలో ఆగిపోయిన ఒక టవర్ వెనక ఎత్తు రోడ్డుంది. దాని కింద, పునాదుల కోసం బండలు పేల్చిన పెద్ద గుంత. చీకటి పడ్డాక ఆ ఎత్తులో బండి ఆపితే దానంతటదే వెనక్కి జారుతుందంటారు. పేలుడులో చనిపోయిన కూలీ ఆవిడొకతె... బండ్లను గుంతలోకి లాక్కుంటుందట.

నేను నమ్మలేదు. ఇన్ని లైట్ల మధ్య దెయ్యానికి చీకటెక్కడ దొరికిందని వెటకారం కూడా చేశాను. శ్యామ్ చెప్పింది విన్నాక ఆ వెటకారం పోయింది.

శ్యామ్ మా ఆఫీసే, కాకినాడ వాడు. అతనూ, కోకాపేటలోనే పుట్టి పెరిగిన ఓంకార్ అనే ఇంకో కొలీగూ కలిసి ఓ పిచ్చి మొదలుపెట్టారు—పాతకాలం ఇంగ్లండు స్పోర్ట్స్ కార్లు. లంచ్‌లో కూర్చుంటే చాలు, అవే కబుర్లు చెప్పి మా బుర్ర తినేవాళ్లు. చివరికి ఎవరి షెడ్డులోనో తుప్పుపట్టిన ఎర్ర కారొకటి చెరి సగం వేసుకుని కొన్నారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. కొండాపూర్‌లో శ్యామ్ వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్లో చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, వీడియోలు చూసి విప్పడం, తెలిసినవాళ్లకు ఫోన్లు చేసి మళ్లీ బిగించడం. "మా ఆయనకు రెండో పెండ్లాం దొరికింది" అని ఓంకార్ భార్య మౌనిక నవ్వేది.

ఇంజన్ మొదటిసారి పలికిన సాయంత్రం ఇద్దరూ చిన్నపిల్లలైపోయారు. నిమ్మకాయలు తొక్కించి, చీకటి పడ్డాక రోడ్డెక్కారు.

ఆ ఎత్తు ఎక్కుతుండగా బానెట్ లోంచి ఆవిరి లేచింది.

"ఈడ ఆపకన్నా..." అన్నాడు ఓంకార్ గొంతు తగ్గించి. "జర ముందుకు పోనియ్."

"నీళ్లు మరిగిపోతున్నాయిరా. ఇంజన్ పోద్ది."

ఆగారు. చుట్టూ ఒక్క దీపం లేదు. ఫుట్‌బ్రేకు మీద కాలు తీయకుండానే శ్యామ్ హ్యాండ్‌బ్రేకు వేశాడు. దాంతో అప్పటిదాకా పనే పడలేదు. చక్రం కింద పెట్టడానికి రాయి తెస్తానని ఓంకార్ వెనక్కి వెళ్లాడు.

ఆవిరి బుసలు... అంతే. ఇంకే శబ్దమూ లేదు.

అప్పుడు వినిపించిందట. గుంతలోంచి—రాళ్ల మీద ఎవరో బరువుగా అడుగులేసుకుంటూ పైకి ఎక్కుతున్న చప్పుడు.

శ్యామ్ పైప్రాణాలు పైనే పోయాయి. హ్యాండ్‌బ్రేకును ఇంకోసారి గట్టిగా లాగాడు. కాలు తీసి కిందికి దూకాడు.

కారు కదిలింది.

మెల్లగా... వెనక్కి.

"ఓంకార్! తప్పుకో—"

తలుపు పట్టుకుని వేలాడాడు. కారు అతన్ని కూడా ఈడ్చుకుపోయింది. ఒక్క కేక వినిపించింది. గుంత అంచున బండకు కొట్టుకుని కారు ఆగింది. బండకూ కారుకూ మధ్య ఓంకార్ ఉన్నాడు.

దవాఖానకు చేర్చేసరికే ప్రాణం పోయింది.

తర్వాత చూస్తే హ్యాండ్‌బ్రేకు కడ్డీ కిందికి దించి ఉంది. నేను దించలేదని శ్యామ్ పిల్లల మీద ఒట్టేశాడు. ఇంకేముంది, దించింది ఆవిడేనని కోకాపేటంతా తేల్చేసింది. మౌనికా నమ్మింది. ప్రతి అమావాస్యకూ ఆ గుంత దగ్గర అన్నం ముద్ద పెట్టి, "మా ఆయనను తీస్కపోయినవ్... ఇగ చాలు తల్లీ, ఇంకొకల జోలికి పోకు" అని దండం పెట్టుకునేది. శ్యామ్ తోడు వెళ్లేవాడు. "నేను బ్రేకు వేశాను. రెండుసార్లు వేశాను" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ మాట పట్టుకునే బతికాడు. దెయ్యమే లేకపోతే ఆ మనిషి ఏమైపోయేవాడో.

మొన్న కారు అమ్మేద్దామనుకున్నారు. చూడ్డానికి సీతారామాంజనేయులు గారు వచ్చారు. రిటైరైన ఇంజనీరు, ఇలాంటి కార్లతోనే జీవితం గడిపిన మనిషి. పట్టపగలు, అదే సెల్లార్. నేనూ ఉన్నాను. సగం కారు ఓంకార్‌ది కాబట్టి మౌనికా వచ్చింది.

"బ్రేకులెలా ఉన్నాయండీ?" అని అడిగారాయన.

"లోపమేం లేదండి. ఆ రోజు కూడా ఇలాగే వేశాను, చూడండి." శ్యామ్ సీట్లో కూర్చుని, బొటనవేలితో బొత్తాం నొక్కి పట్టి, కడ్డీని పైకి లాగి వదిలాడు. అది నిలబడింది. "తర్వాత, ఎందుకైనా మంచిదని..." మళ్లీ లాగాడు. మన కార్లలో మనమంతా చేసే పనే.

కడ్డీ టప్పున కిందికి పడింది.

"ఈ రకం బండికి... బ్రేకు వదలడం అలాగేనండి, బాబూ" అన్నారు పెద్దాయన. "రేసుల్లో చటుక్కున వదలడానికని అలా చేశారు. రెండోసారి లాగితే పట్టు ఊడిపోద్ది. మీకెవరూ చెప్పలేదా?"

గుంతలోంచి ఎక్కిన ఆ అడుగులు ఎవరివో కూడా నాకప్పుడే అర్థమైంది. రాయి కోసం దిగిన ఓంకార్‌వి.

శ్యామ్ చెయ్యి కడ్డీ మీదే ఉండిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మౌనిక నడిచి వచ్చి కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"శ్యామన్నా..." అంది మెల్లగా. "ఇంకోపారి గుంజి సూపియ్యి."