ప్లాస్మా అన్న మాట

"అంచు దగ్గర ప్లాస్మా నిలుస్తలేదు వినయ్. గిట్లనే ఉంటే ఇగ ఆశ లేదు. మా అమ్మకు మాత్రం తెల్వనియ్యకు."

చాయ్ ఇద్దామని కూతురు సుచిత్ర గది గుమ్మం దాకా వచ్చిన విజయరాణి గ్లాసు అక్కడే కింద పెట్టేసింది. ప్లాస్మా! ఆ మాట ఆమెకు తెలియకపోవడమేమిటి... డెంగీ జ్వరంతో భర్త భూపతిని దవాఖానలో చేర్చిన నాడు డాక్టర్లు తెమ్మన్నది అదే. రక్తంలోంచి తీసే పసుప్పచ్చటి నీరు. అది దొరికేలోపే మనిషి దాటిపోయాడు! ఇప్పుడు సుచిత్ర కూడా సరిగ్గా తినడం లేదు, కళ్ల కింద నలుపు, అడిగితే పని ఉందంటుంది. పనట పని! ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో లెక్కలు వేసుకునే పిల్ల ఇంతలా చిక్కిపోతుందా? ఏదో రోగం వచ్చింది, తల్లి దగ్గర దాస్తోంది!

వంటింట్లోకి వెళ్లి కొండపాకలో ఉన్న తమ్ముడు బాలరాజుకు ఫోన్ చేసింది. కారు తీసుకుని వెంటనే వస్తానన్నాడు. కానీ అంతదాకా ప్రాణం ఆగితేనా! మళ్లీ వచ్చి తలుపు సందులోంచి చూస్తే, తెర మీద కూతురితో పనిచేసే వినయ్‌తో పాటు నలుగురు పెద్దమనుషులు. డాక్టర్లే... కంప్యూటర్‌లోనే చూపించుకుంటోందన్నమాట పిచ్చిపిల్ల!

ఇక ఆగలేదు. జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంటూ లోపలికి పోయి తెర ముందు నిలబడింది.

"సారూ, నా రక్తం తీస్కోన్రి. నాది, దానిది ఒక్కటే గ్రూపు. ఎంత కావాలంటే గంత తీస్కోన్రి, నా బిడ్డను మాత్రం బతికియ్యిన్రి."

వినయ్ తల దించుకున్నాడు. సుచిత్ర లాప్‌టాప్ మూసేసి, ఆఫీసు పెద్దలందరి ముందు పరువు తీశావని తల్లి మీద విరుచుకుపడింది. కాసేపటికి తల్లి చెయ్యి ఇంకా అలాగే చాచి ఉండటం చూసి గొంతు తగ్గించింది. అది రక్తం కాదమ్మా అంది. సూర్యుడి కన్నా వేడిగా ఉండే వాయువట. దానితో కరెంటు పుట్టించే రియాక్టర్‌లో, గోడకు తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచాలట. అంచున అది సుడులు తిరుగుతూ గోడ మీదికి వస్తుంది. ఆ సుడులు ఎలా లేస్తాయో ముందే కంప్యూటర్‌లో ఆడించి చూడటం తన పని. నెలల తరబడి వేసిన లెక్క అంచు దగ్గరికి రాగానే కూలిపోతోందట.

"అయితే నీ ఒంట్ల ఏం లేదా?"

"ఏం లేదమ్మా."

విజయరాణి మంచం మీద కూలబడింది. మరి నాకెందుకు తెలియనివ్వొద్దన్నావని అడిగింది. ఈసారి కూడా లెక్క నిలవకపోతే ఉద్యోగం పొడిగించరని, తల్లి బెంగపడుతుందనే చెప్పలేదని సుచిత్ర నేల చూపులు చూస్తూ చెప్పింది.

"మీ బాపు పోయిన దినం గూడ గిట్లనే అన్నరు బిడ్డా. ఆమెకు చెప్పకున్రి, తట్టుకోదు అని. అందరికి తెల్సు. నేనొక్కదాన్నే ఇంట్ల ఆయనకు ఇష్టమని పెసరుపప్పు వండుకుంట కూసున్న. టిఫిన్ పట్టుకొని పోయేసరికి మొకం మీద బట్ట కప్పిన్రు. ఆఖరు మాట గూడ మాట్లాడనియ్యలే నన్ను."

ఆ సంగతి సుచిత్రకు ఇన్నేళ్లూ తెలియదు! తల్లి ఒడిలో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది...

బాలరాజు వచ్చి, అక్కను నాలుగు తిట్టి, చాయ్ తాగి పోయాడు. సాయంత్రం లెక్క మళ్లీ మొదలైంది. విజయరాణి కూతురి పక్కనే కూర్చుంది. తెర మీది గీతలు ఆమెకేం అర్థమవుతాయి! సుచిత్ర ముఖమే చూస్తోంది. ఉన్నట్టుండి ఆ ముఖం పాలిపోయింది. వినయ్ ఫోన్ మోగుతోంది. సుచిత్ర ఎత్తలేదు. తల్లి వైపు తిరిగింది.

"పోయిందమ్మా. మళ్ల కూలింది. ఇగ ఉద్యోగం ఉండదు."

"ఇంకెవలకన్న చెప్పినవా?"

"లేదు. ముందుగాల నీకే చెప్తున్న."

విజయరాణి కూతుర్ని గుండెలకు హత్తుకుని, భర్త పోయిన నాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.