కర్పూరపు ఎముక

వాక్యూమ్ ఫర్నేస్ పక్కన నిలబడి డాక్టర్ పానకాలరావు ముక్కు చిట్లించాడు. మంగళగిరి లోహ పరిశోధనశాలంతా కర్పూరం వాసన.

"హారతి ఎప్పుడిస్తావమ్మా?" అన్నాడు.

ఆయన కింద పనిచేసే సైంటిస్టు సువర్చల నవ్వేసింది. "ఇంకో గంటలో అయిపోతుంది సర్."

ఆమె చేసేది చూడ్డానికి చిన్న పనే. టైటానియం పొడిలో కర్పూరం పలుకులు కలిపి, అచ్చులో నొక్కి, సన్నగా వేడి పెడుతుంది. కర్పూరం చిటికెడు బూడిదైనా మిగల్చకుండా ఆవిరైపోతుంది. అది ఉన్న చోటల్లా రంధ్రం. ఆ తర్వాత వేడి పెంచితే పొడి కరగకుండానే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. విరిగిన ఎముక చోట పెట్టడానికే ఈ లోహం. మామూలు టైటానియమైతే, ఎముక కంటే బిరుసు. బరువంతా తనే మోస్తుంది, పని లేని ఎముక చిక్కిపోతుంది. రంధ్రాలున్న లోహమైతే బరువు పంచుకుంటుంది. ఎముక కూడా మెల్లగా వచ్చి ఆ రంధ్రాల్లో కాపురం పెడుతుంది.

పానకాలరావు ఇదే పని పన్నెండేళ్లుగా ఉప్పుతో చేస్తున్నాడు. ఎంత కడిగినా మూలల్లో కాస్త ఉప్పు మిగిలేది, ఎముక దగ్గరికి వచ్చేది కాదు. రోజూ పూజగదిలో కళ్లెదుటే వెలిగే కర్పూరం తనకు తట్టలేదు, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు తట్టింది! అది తలుచుకుంటే ఆయన కడుపు మండిపోయేది.

ఆ రోజుల్లోనే మెట్ల మీద జారిపడి కుడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. మధ్యలో ముక్క నుజ్జయింది, లోహం పెట్టక తప్పదన్నాడు సర్జన్.

"కర్పూరం ముక్కే పెట్టండి. మొదటి ట్రయల్ నా మీదే జరగాలి," అన్నాడు పానకాలరావు.

ఆ మాట విని సువర్చల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన భార్య ప్రసూన మాత్రం ఆయన్ని ఇరవై ఏళ్లుగా ఎరుగును.

"ఏవండీ, నిజం చెప్పండి. అది పాడవ్వాలనేగా?"

"సైన్సుకి రుజువు కావాలి."

"కాలు పోయినా సరే, ఆ అమ్మాయి గెలవకూడదు. అంతేగా?"

ఆయన గోడవైపు ముఖం తిప్పుకున్నాడు.

ఆరు నెలలకు, ఆ లోహాన్ని రోగులకు వాడొచ్చా లేదా తేల్చే సమావేశం పెట్టారు. పానకాలరావు పిలవగానే లేచి, అడుగడుక్కీ మూలుగుతూ వేదిక దాకా కుంటుకుంటూ వెళ్లాడు.

"ఎక్స్‌రేలో ఏముంటే నాకెందుకు? మోసేవాణ్ణి నేను. నొప్పి ప్రాణం తీస్తోంది," అన్నాడు.

సువర్చల ముఖం పాలిపోయింది. చాలా రోజులకు ఆయన కడుపు చల్లబడింది.

సర్జన్ కళ్లజోడు సవరించుకున్నాడు. "సర్, మేం ఆపరేషన్ చేసింది కుడికాలికి కదా?"

పానకాలరావు కిందికి చూసుకున్నాడు. వచ్చిందంతా ఎడమకాలితో కుంటుతూ వచ్చాడు. లోహం ఏ కాల్లో ఉందో ఆయన ఒంటికే గుర్తు లేదు.

సువర్చల లోహానికి ఆ నిమిషమే అనుమతి వచ్చింది. ఎక్స్‌రేలు చూపించమని ఒక్కరూ అడగలేదు.