మరిడేశ్వరి పాలగూడు

"మా పక్క ఈ నెల ముగ్గురు తల్లులు పాలు మాన్పించినారు," అంటోంది కడప షకీలా. "ఒకామె వారం దినాలు ఏడ్చిందమ్మా. బిడ్డ మాత్రం ఒక్క పూటకే మర్సిపోయినాడు."

ప్రాంతాలన్నిటి నుంచీ గొంతులు ఒక్కసారిగా పలికాయి. "తల్లీ బిడ్డా చల్లగా ఉండాలి."

పాలిచ్చే తల్లులకు తోడుండే స్తన్యసఖి సంఘంలో ఇది ఆనవాయితీ. నెలకోసారి ప్రాంతీయ నాయకురాళ్ళందరూ మాటసభలో కలుస్తారు. కలవడమంటే ఎవరింట్లో వాళ్ళు పని చేసుకుంటూ, చెవిపూస తగిలించుకుని తమ ప్రాంతం కబురు చెప్పడమే. ఫలానా తల్లి పాలు మాన్పించిందని ఎవరైనా చెప్పగానే మిగతావాళ్ళంతా ఈ మాట అనాలి. బిడ్డకు తొలిసారి పాలు పట్టేటప్పుడు తల్లి చుట్టూ నలుగురూ ఉంటారు, మాన్పించేటప్పుడు మాత్రం ఆమె ఒంటరిగా ఓ మూల కూర్చుని ఏడుస్తుందని, సంఘాన్ని మొదలుపెట్టిన పెద్దవాళ్ళెవరో ఈ పద్ధతి పెట్టారట.

కాకినాడ ప్రాంతపు నాయకురాలు నూకరత్నం గోంగూర ఒలుస్తూ తన వంతు కోసం ఎదురుచూస్తోంది. ఈసారి ఆమె దగ్గర గొప్ప కబురుంది.

పాలగూళ్ళు వచ్చాక ఇంక ఈ సంఘంతో పనేముందని చాలామంది అన్నారు. నిజమే మరి. కాన్పుకు ముందే తల్లి రొమ్ము నుంచి చిటికెడు కణాలు తీసి ఈ గూటిలో పెంచుతారు. గోడకు తగిలించిన చిన్న పెట్టె, దానికి మెత్తని చనుమొన. అందులోంచి వచ్చేవి అచ్చంగా ఆ తల్లి పాలే. ఆ మొనలో ఉన్న రుచిగ్రాహి బిడ్డ ఎంగిలిని బట్టి పాలను మారుస్తుంది. దాహంగా ఉంటే పలుచన చేస్తుంది, జ్వరంగా ఉంటే మందు కలుపుతుంది, బిడ్డ పేచీ పెడితే తీపి పెంచుతుంది. తల్లి ఉద్యోగానికి వెళ్ళొచ్చు, కంటినిండా నిద్రపోవచ్చు. అయితే గూడు పాలిస్తుంది గానీ ధైర్యం ఇవ్వదు కదా. అందుకే జనం పాలక్కలని పిలుచుకునే సంఘపు స్వచ్ఛంద కార్యకర్తలు మిగిలారు.

ఈ గూటి విషయంలో సంఘం పట్టుబట్టి సాధించిన నిబంధన ఒకటుంది. గూడు తల్లి గొంతుకు తప్ప ఎవరి మాటకూ లొంగదు. ఏటా బిడ్డ పుట్టినరోజున, "అమ్మా, ఇంకా పాలివ్వడం నీకు ఇష్టమేనా?" అని అడుగుతుంది. ఇష్టమే అంటే ఇస్తుంది, ఎప్పుడు చాలు అన్నా ఆగుతుంది. అత్తగారు అరిచినా, మొగుడు బతిమాలినా వినదు. ఆడదాని పాల మీద పెత్తనం ఆడదానికే ఉండాలని సంఘం పోరాడింది. గెలిచినందుకు గర్వపడింది కూడా. గర్వపడదగ్గ విషయమే అది.

"కాకినాడ చెప్పండి," అన్నారు అధ్యక్షురాలు ఇందుమతి.

"మా ఎత్తుపేటలో మరిడేశ్వరి అని ఉందండి," అంది నూకరత్నం. "పాపకి నాలుగేళ్ళు నిండబోతన్నాయి. ఇంకా పాలిస్తానే ఉంది. అందరి ప్రాంతాలూ కలిపి చూసుకున్నా ఇన్నాళ్ళు ఇచ్చినావిడ లేదండి."

"ఎంత ఓపిక తల్లీ! వచ్చే వార్షిక సభలో ఆవిడకే శాలువా కప్పుదాం. మీరు ఆమెను చూశారా?" అని అడిగారు ఇందుమతి.

"చూడకపోవడమేంటండీ!" అంది నూకరత్నం.

చూడలేదు. గూళ్ళే ఎప్పటికప్పుడు సంఘానికి కబురు పంపుతుంటే గుమ్మం గుమ్మం తిరగడం ఎందుకని పాలక్కలు ఎప్పుడో మానేశారు.

మర్నాడు నూకరత్నం కుంకుమ భరిణె, పసుపు, మంచి జాకెట్టు ముక్క పళ్ళెంలో పెట్టుకుని బయల్దేరింది. ముత్తైదువను పిలవడానికి వట్టి చేతులతో వెళ్ళకూడదు కదా. పాత వీధులు సముద్రంలో కలిసిపోయాక స్తంభాల మీద కట్టిన పేట అది. ఇళ్ళ కింద అలలు ఆడుతుంటాయి. తలుపు తీసినవాడు మరిడేశ్వరి భర్త ధనరాజు, సముద్రపు గోడ దగ్గర నీళ్ళు తోడే పంపులు బాగుచేస్తాడు.

"నేను పాలక్కని బాబూ. మరిడేశ్వరి ఉందా?"

అతను కాసేపు ఆమె చేతిలోని పళ్ళెం వంకే చూశాడు. "లోపలుందండి," అని పక్కకు తప్పుకున్నాడు.

లోపల ఓ పిల్ల గోడవార నిలబడి గూటిలోంచి పాలు తాగుతోంది. ఒక చెయ్యి పెట్టె మీద వేసి కళ్ళు మూసుకుంది. ఎదురుగోడ మీద ఒక ఆడమనిషి ఫొటో, దానికి గంధపు దండ. నూకరత్నం పళ్ళెం మీద పైటకొంగు కప్పేసింది.

"ఎప్పుడు?"

"పాపకి అన్నప్రాసన కూడా అవ్వలేదండి. తుపానెల్లాక జ్వరాలొచ్చాయి కదండీ, అప్పుడు."

"మరి గూడు అడిగినప్పుడు ఇష్టమేనని ఎవరన్నారు?"

ధనరాజు తలవంచుకున్నాడు. "ఆవిడేనండి. పెళ్ళయిన కొత్తలో చీరల కొట్టుకెళ్ళాం. ఇది ఇష్టమేనా అనడిగితే, 'ఆ, ఇష్టమే' అంది. ఆ మాట, ఇంట్లోవాళ్ళ గొంతులు దాచుకునే నా మాటపేటికలో ఉండిపోయింది. ఏటా గూడు అడగ్గానే అదే వినిపించేవోణ్ణి."

నూకరత్నానికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. పిల్లను దగ్గరకు లాక్కుని కింది కనురెప్ప కిందికి దించి చూసింది. లోపల ఎరుపన్నదే లేదు. గోళ్ళు పాలిపోయాయి.

"అన్నం తినదా?"

"మా నీలు నోట్లో పెడితే ఉమ్మేత్తాదండి. గూటి దగ్గరికి పరిగెడతాది. అమ్మ పెడతాది, నువ్వొద్దు అంటాది."

"ఈ వయసుకి పాలొక్కటే అయితే రక్తం పట్టదయ్యా. ఇలాగే వదిలేస్తే నీలు నీకు దక్కదు. మాన్పించాలి."

"మాన్పిస్తే గూడు తీసుకుపోతారు కదండీ." అతను గూటికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆవిడదంటూ ఇంకేం మిగల్లేదండి. బూడిద కూడా గంగలో కలిపేశాం. ఇందులోనే బతికుంది. చెయ్యేసి చూడండి, వెచ్చగా ఉంటాది."

నూకరత్నం చెయ్యేసి చూడలేదు. చూస్తే తను కూడా మాట మార్చేస్తుందేమోనని భయపడింది.

మూడోనాడు వేపాకు తెచ్చి, అతని ఇంట్లోనే మెత్తగా నూరింది. ఆమెకు వాళ్ళమ్మ ఇలాగే మాన్పించింది. ఆమె తన పిల్లలకు ఇలాగే మాన్పించింది. ఆ ముద్ద ధనరాజు చేతికిచ్చి గూటి మొనకు రాయమంది. అతను రాశాడు. నీలు వచ్చి నోరు పెట్టి, ముఖం వికారంగా పెట్టి, గుక్కపట్టి ఏడ్చింది. ఇద్దరూ గుండె రాయి చేసుకుని చూశారు.

కాసేపటికి పిల్ల మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఏడుపు తగ్గింది. మరో రెండు పూటలు గడిచేసరికి ఆ చేదును గబగబా నాకి ఉమ్మేసి, గుటకలు వేస్తూ తాగడం మొదలుపెట్టింది. నూకరత్నానికి అనుమానం వచ్చి ఒక చుక్క వేలితో నాలుకకు రాసుకుంది. పాయసంలా తియ్యగా ఉంది. బిడ్డ బాధను ఎంగిల్లో పసిగట్టి గూడు తీపి పెంచుతోంది. ఎంత చేదు రాస్తే అంత తీపి.

పాలిచ్చే తల్లి వేప ముద్ద తన చేత్తో తనకే రాసుకుంటుంది. ఏడుస్తూనే రాసుకుంటుంది. వద్దు అనవలసిన మనిషి ఒకరుండాలని ఈ పెట్టె చేసినవాళ్ళకు తట్టలేదు. ఇవ్వడం మాత్రమే నేర్పారు దానికి.

"చూశారా అక్కా," అన్నాడు ధనరాజు, "ఆవిడకి మాన్పించడం ఇష్టం లేదండి."

"అది యంత్రం నాయనా."

"పాలు మాత్రం ఆవిడియ్యే కదండీ."

"పోనీ, తీగ పీకెయ్," అంది నూకరత్నం చివరికి.

"ఓసారి పోయింది చాలదాండీ? ఈసారి నా చేత్తో చంపమంటారా?" అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నీలు వచ్చి తండ్రి మోకాలు నిమిరింది.

అలా ఆ నెల గడిచింది. నూకరత్నం వచ్చినప్పుడల్లా అన్నం కలిపి పిల్ల ముందు పెట్టేది, పిల్ల పళ్ళెం తోసేసి గోడ దగ్గరికి పోయేది. మాటసభ ముందురోజు ఆమె గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "రేపు నన్ను మీ కబురే ముందు అడుగుతారు. ఓసారి చూశానని అబద్ధమాడాను, ఇంక ఆడను. నిజం చెబితే సంఘం మనుషులొచ్చి గూడు పట్టుకుపోతారు. నీ పెళ్ళాన్ని నువ్వే సాగనంపుతావో, ఎవరో వచ్చి ఎత్తుకుపోతుంటే చూస్తావో, నీ ఇష్టం బాబూ."

మర్నాడు మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి ధనరాజు గూటి పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో మాటపేటిక. కళ్ళు వాచి ఉన్నాయి. మరిడేశ్వరి మాటలన్నీ మొదటి నుంచీ విన్నాడట.

"దొరికిందండి," అన్నాడు. "నీలు కడుపులో ఉన్నప్పుడు చేపల పులుసు నేనే వండాను. వడ్డిత్తా ఉంటే ఆవిడన్న మాట."

"మరి వినిపించు."

"వేలు ఆడట్లేదండి."

నూకరత్నం అతని పక్కన చతికిలబడి భుజం మీద చెయ్యి వేసింది. కిందనుంచి అలల చప్పుడు వినిపిస్తోంది. పాలకోసం వచ్చిన నీలు వాళ్ళిద్దరినీ చూసి అక్కడే నిలబడిపోయింది. తండ్రి ఆ పిల్ల పాలిపోయిన పెదాల వంక చాలాసేపు చూశాడు. తర్వాత మీట నొక్కాడు.

పళ్ళెం చప్పుడు, గరిటె చప్పుడు, ఆ వెనక ఒక ఆడమనిషి నవ్వు. "చాలు. ఇంక చాలయ్యా బాబూ, కడుపు నిండిపోయింది."

"అలాగే అమ్మా," అంది గూడు, మర్యాదగా. దాని చిన్న దీపం ఆరిపోయింది.

ధనరాజు పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. ఆ వెచ్చదనం తగ్గుతున్నకొద్దీ అతని వేళ్ళు ఇంకా గట్టిగా నొక్కుకున్నాయి. నీలు మొన నోట్లో పెట్టుకుని పీల్చింది, ఏమీ రాలేదు. మళ్ళీ పీల్చింది. తర్వాత వదిలేసి తండ్రి వైపు తిరిగింది.

"అమ్మకి కడుపు నిండిపోయిందా నాన్నా?"

"నిండిపోయిందమ్మా."

పిల్ల తన పొట్ట తడుముకుంది. "నాకు నిండలేదు," అంది.

నూకరత్నం లేచి వంటింట్లోకి వెళ్ళింది. అన్నంలో పప్పు, కాస్త నెయ్యి వేసి మెత్తగా పిసికి తెచ్చింది. నీలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం రాక బుగ్గన దాచింది. చివరికి మింగింది. రెండోది కూడా మింగింది. మూడోది ఉమ్మేసి, మళ్ళీ నోరు తెరిచింది.

అంతలో చెవిపూస మోగింది. ఇందుమతి గారి గొంతు. "కాకినాడ, ముందు మీరే చెప్పాలి. శాలువా తెప్పించేశాం. ఆవిడ వస్తోందా?"

నూకరత్నం ఎంగిలి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"మరిడేశ్వరి ఇవాళ పాలు మాన్పించిందండి," అంది. ఎవరూ నోరు తెరవకముందే తొందరగా మిగతాది కూడా చెప్పేసింది. "ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది. నేను చూడకుండానే చూశానన్నాను, నాదే తప్పు. గూడు అన్నాళ్ళూ ఇస్తానే ఉంది. ఇవాళ ఆవిడ గొంతుతోనే చాలంది. బిడ్డ అన్నం తింటంది. ఇదేనండి మా ప్రాంతం కబురు."

మాటసభలో ఎక్కడో ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. మొదట షకీలానే తేరుకుంది.

"తల్లీ బిడ్డా చల్లగా ఉండాల."

ఆ తర్వాత ఒక్కొక్కరే అందుకున్నారు. కొందరు మధ్యలో ఆగిపోయి, ముక్కు ఎగబీల్చి మళ్ళీ మొదలుపెట్టారు. నూకరత్నం చెవిపూస తీసి గొంతు పెంచి అరచేతిలో పట్టుకుంది. ముక్కూ ముఖం తెలియని ఆడవాళ్ళ గొంతులు ఆ గదంతా నిండాయి.

ధనరాజు చల్లబడిన గూటి మీంచి చెయ్యి తీశాడు. తలుపు దగ్గర ఎవరో పెద్దవాళ్ళు నిలబడి దీవిస్తున్నట్టు లేచి నిలబడ్డాడు.

"అలాగేనండి," అన్నాడు. గోడ మీది ఫొటో వంక చూసి, "ఆవిడ తరఫున చెప్తన్నానండి," అన్నాడు.