రాజక్క పేరున వచ్చిన కంప్యూటర్

పొద్దున ఎనిమిదికే ఎండ అరుగు మీదికి పాకింది. రాజక్క ఎండుమిరప కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. భర్త కిష్టన్న అప్పటికే చేనుకు పోయాడు. లోపల కూతురు నవత ఎవరితోనో ఫోన్లో హిందీలో మాట్లాడుతోంది. ఆ పిల్ల మాట్లాడితే వీధి చివరిదాకా వినపడాలి. ఇవాళ గొంతు లేవడం లేదు. రాజక్క గుండె జారింది. ఆమె గుండె జారడానికి పెద్ద కారణం అక్కర్లేదు. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ప్రాణహితలో పడిందనుకునే మనిషి.

నవత గడపలోకి వచ్చి నిలబడింది.

"అవ్వా, రెండు కంప్యూటర్లు వాపస్ పోతానయ్."

"ఏం వాపస్? నీది వచ్చింది గద!"

"నాది వచ్చింది. నీ పేరున ఒకటి, బాపు పేరున ఒకటి రావాలె. ముంబైల కస్టమ్సోళ్ల కాడ ఆగినయ్. ఈడివాళ్లు వద్దన్నట్టు రాసి ఉన్నదట. ఇయ్యాల సాయంత్రం దాక డ్యూటీ కట్టకపోతే సింగపూర్‌కే తిరిగి పోతయ్. పైసలు వస్తయో రావో తెల్వదు." నవత తల్లి కళ్లలోకి చూసింది. "నీకేమన్న ఫోన్ వచ్చిందా?"

"లేదు బిడ్డా," అన్నది రాజక్క. ఆ మాట ఆమె అనుకోకముందే నోట్లోంచి వచ్చేసింది.

ఫోన్ వచ్చింది. ఒక్కసారి కాదు, మూడు సార్లు. పన్నెండు రోజుల కిందట ఒకాయన హిందీలో, మీ పేరున విదేశాల నుంచి కంప్యూటర్ వచ్చింది, దిగుమతి సుంకం కట్టాలి, ఆధార్ పంపండి అన్నాడు. రాజక్క వెంటనే ఫోన్ పెట్టేసింది. కస్టమ్స్ పేరు చెప్పి పైసలు లాగుతారని, నమ్మొద్దని ఏ నంబరు కొట్టినా ముందు ఫోనే చెబుతుంది. రేగుంటలో ఒకామె గిట్లనే మిరప పైసలన్నీ పోగొట్టుకుంది. అందుకే మూడోసారి గట్టిగా, "హమారా నహీ హై, వాపస్ లేకే జావ్!" మాది కాదు, వెనక్కి తీసుకుపొమ్మని అరిచి, పక్కింటి పిల్లతో ఆ నంబర్ రాకుండా చేయించింది. కూతురికి చెబితే నవ్వుతుందని చెప్పలేదు. ఇద్దరి పేర్లకూ నవత ఈ ఫోన్ నంబరే ఇచ్చిందని అప్పుడు తెలియదు. ఒకరి పేరున ఒకటైతేనే సులువుగా తెప్పించుకోవచ్చని ఆ పిల్ల ముగ్గురి పేర్లూ వాడింది.

"అయితే ఇది చిన్నాయన పనే," అన్నది నవత. "సిరొంచకు వచ్చే పార్శిళ్లన్ని దిగేది ఆయన దుకాణంల. కొరియరోళ్లు అడిగితే వద్దని చెప్పి ఉంటడు. ఎదురుంగ నా దుకాణం తెరుస్తె ఆయన గల్ల గలగలాడదు గద!"

రాజక్క ఇంకో మిరప అందుకుని తొడిమ తుంచింది.

మరిది ఈశ్వర్ బస్టాండ్ రోడ్డు మీద ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు. నాలుగేళ్లు అక్కడ నవతే అన్నీ చూసింది. నిరుడు పంట బీమా ఫారాలు నింపే రోజుల్లో గల్లపెట్టెలో ఆరు వేలు తగ్గాయి. దుకాణం నిండా జనం ఉండగా, "అన్న బిడ్డవని పెట్టుకుంటే దొంగవైతివి గదనే!" అన్నాడు. నవత ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి ఈశ్వర్ దారిలో కనబడితే చాలు, నీ దుకాణానికి తాళం పడ అని రాజక్క మనసులోనే తిట్టేది. ఆ తాళం ఇప్పుడు కూతురి చేతిలో ఉంది.

అది నవత సంచిలోని అర్జీ. సర్కారు రేటు ముప్పై రూపాయలున్న కాగితానికి ఈశ్వర్ నూరు తీసుకుంటున్నాడని, ఆఫీసు భాష అయిన మరాఠీలో రాసి, ఇరవై రెండు మందితో సంతకాలు చేయించింది. తహసీల్దార్ చేతికి పోతే సెంటర్ మూతపడటం ఖాయం. రెండు నెలలుగా ఇవ్వాలా వద్దా అని ఊగుతూ ఉంది.

"ఇగ ఊగుడు లేదు. ముందు మొఖం మీద అడిగి, అటెన్క ఆఫీసుల ఇస్త," అని చెప్పులు తొడుక్కుంది. రాజక్క మిరప ఘాటు చేతులతోనే వెనకాల పరుగెత్తింది. దారి పొడుగునా ఒకటే మాట గుండెల్లో కొట్టుకుంది. చెప్పకపోతే ఏమైతది? ఎవరికి తెలుస్తది?

దుకాణంలో ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఈశ్వర్ కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఏంది, దారి తప్పినవా?"

"దారి తప్పినయి నా కంప్యూటర్లు. వద్దని నువ్వే చెప్పినవు గద, చిన్నాయనా?"

"ఏ కంప్యూటర్లు? నేనెవ్వరికి ఏం చెప్పలే."

"చేసేటప్పుడు చీకట్ల చేస్తివి, ఒప్పుకునేటప్పుడు సిగ్గా? దొంగతనం నాకంటగట్టి, అసలు దొంగతనం నువ్వు చేస్తానవ్!"

"నోరు సంభాళించు! నా పిల్లల మీద ఒట్టు."

"ఆనాడు నేను బాపు మీద ఒట్టేసిన. నువ్వు విన్నవా?" నవత అర్జీ తీసి బల్ల మీద పరిచింది. "సదువుకో. పది గంటలకు తహసీల్దార్ బల్ల మీద ఉంటది."

ఈశ్వర్ చదువుతూ చదువుతూ పాలిపోయాడు. పక్కన కూర్చున్న రేగుంట పాండు గొంతు సవరించుకున్నాడు.

"పంచాయితి ఎనకసిరి పెట్టుకోన్రి పటేలా. ముందు నా సాత్‌బారా తీసియ్యి. దుకాణం మూస్తే మల్ల నా భూమి కాయితం కోసం ఏడికి తిరగాలె?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఈశ్వర్ నవ్వలేదు. "వదినె, నువ్వన్న చెప్పు," అన్నాడు. "నేను కోపానికొస్త, నోరు జారుత. పార్శిళ్లు ఆపేటోన్నా?"

ఏడాది తరువాత వదినె అన్న పిలుపు. రాజక్క అతని ముఖం చూసింది. నిరుడు ఇదే గదిలో, ఇట్లాంటి జనం ముందు తన కూతురి ముఖం ఇట్లాగే ఉండి ఉంటుంది. ఎవరో ఒకరు నిజం చెబుతారేమోనని ఒక్కొక్కరి వంకా చూసి ఉంటుంది.

"ఆయన చెయ్యలేదు బిడ్డా," అన్నది. "ఫోన్లు నాకే వచ్చినయ్. మోసగాళ్లని నేనే వాపస్ కొండవొమ్మన్న."

నవత తల్లి వైపు తిరిగింది. "పొద్దున అడిగితే లేదంటివి?"

"మొదలు భయానికి అన్న. అటెన్క..." రాజక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అటెన్క ఈ దుకాణం మూతవడంగ చూడాలనిపించింది. అందుకే సప్పుడు చెయ్యలే."

పాండు తల దించుకున్నాడు.

ఈశ్వర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "వదినెకున్న ధైర్యం నాకు లేకపాయె," అన్నాడు. జనం వైపు తిరిగాడు. "ఇనున్రి. ఆ ఆరు వేలు నాలుగొద్దులకే దొరికినయ్. నా పెండ్లాం బీరువల పెట్టి మర్సిపోయింది. ఈ పిల్ల దొంగ కాదు. పదిమందిల అన్న మాట పదిమందిల తీసుకోనీకి నాకు నోరు రాలే."

"నాలుగొద్దులకేనా?" నవత బల్ల మీదికి వంగింది. "ఏడాదాయె చిన్నాయనా! బస్టాండ్ కాడ ఎవరు నవ్వినా నన్ను సూసే అనుకున్న. బాపు పది మందిల కూసునుడు మానిండు. నువ్వేమో ఈడ ఫ్యాన్ కింద కూసున్నవు!"

"కొట్టు, పడ్త."

నవత కొట్టలేదు. గోడకు ఆనుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. రాజక్క దగ్గరికి పోబోయి ఆగిపోయింది. తన చేతికి ఆ హక్కు ఉందో లేదో తెలియలేదు.

చివరికి ఈశ్వరే కుర్చీలోంచి లేచాడు. "నెట్ నడుస్తాంది. ముందు డ్యూటీ కట్టు, నన్ను తిట్టుడు సాయంత్రం తిట్టు."

నవత ముఖం తుడుచుకుని కూర్చుంది. ఆపేసిన నంబర్ విప్పింది, సందేశాలు వెతికింది, ఆధార్లు ఎక్కించింది. ఓటీపీ రాజక్క ఫోన్‌కు వచ్చింది. ఎవరికీ చెప్పొద్దంటారు కదా! రాజక్క కూతురి చెవికి చేతులు అడ్డం పెట్టి ఒక్కో అంకె గొణిగింది. "మేం కండ్లు మూసుకుంటం తియ్యక్కా," అన్నాడు పాండు. రెండు సుంకాలూ కట్టినట్టు తెర మీద కనిపించాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

లేచేటప్పుడు నవత అర్జీని మడిచి ఈశ్వర్ ముందుకు తోసింది. "ఇది నువ్వే దాసుకో. రేపటికల్ల రేటు బోర్డు బయట పెట్టు. పెట్టకపోతే ఇంకోటి రాస్త. నా దుకాణం మాత్రం ఎదురుంగనే పెడ్త."

"పెట్టు. నీ దుకాణం బల్లలు నేను మోసుకొస్త," అన్నాడు ఈశ్వర్.

తిరుగుదారిలో మిరప కల్లం దాటాక నవత అన్నది.

"నువ్వు చెప్పకపోతే నేను ఆ కాయితం ఇచ్చేదాన్నే. ఆయన పిల్లలు రోడ్డు మీద పడ్తుండె."

"పడ్తుండె."

"నీకు బాధయ్యేది కాదా అవ్వా?"

రాజక్క అబద్ధం చెప్పాలనుకుంది. రాలేదు. "సంతోషమయ్యేది బిడ్డా. ఇన్నేండ్లు ఏదేదో తల్సుకుని భయపడ్డ. ఇయ్యాల మాత్రం నన్ను జూస్తేనే నాకు భయమైతాంది."

తల్లి మిరప చేతిని నవత గట్టిగా పట్టుకుంది. ఆ మంట తన అరచేతికి ఎక్కుతున్నా ఇల్లు చేరేదాకా వదల్లేదు.