ఒక్కరికే కనిపించిన ప్రకటన

మూడో ఇంజనీరు కూడా పట్టపగలే మాయమయ్యాడు. ఇంటి ముందు తెల్ల కారు ఆగింది. మెడలో కంపెనీ కార్డు వేసుకున్నవాడు తలుపు తీసి, "టెస్ట్ డ్రైవ్ సార్" అన్నాడు. ఇంజనీరు ఎక్కాడు. అంతే.

"ముగ్గురూ రాడార్ మనుషులే," అన్నాడు చీఫ్. కిటికీల్లేని గది. ఎదురుగా నల్లపూస. పనిలోకి దిగితే నెలల తరబడి ఎవరికీ కనపడడు కాబట్టి గూఢచారి శాఖలో అతనికి ఆ పేరు. "కార్ల కంపెనీనడిగితే అసలు బుకింగే లేదంటోంది. నువ్వక్కడ డిజిటల్ మార్కెటింగ్ మేనేజర్‌గా చేరుతున్నావు."

"నాకు కార్లు అమ్మడం రాదు సార్."

"అక్కడెవరికీ రాదు. లోపల మన మనిషి ఉంది. వెబ్ డిజైనర్. 'హోమ్‌పేజీ బరువెక్కింది' అంటుంది. 'బొమ్మలు తగ్గించండి' అను."

నకిలీ పొట్ట, కెమెరా దాచిన కళ్లద్దాలతో చేరాడు. మొదటిరోజే ఆమె ఎదురైంది. నల్ల సూటు, ఎర్రటి పెదవులు. ఆమె నడిచొస్తే కాపీరైటర్లు వాక్యం మధ్యలో ఆగిపోయేవారు.

"హోమ్‌పేజీ బరువెక్కింది."

"బొమ్మలు తగ్గించండి."

"మీరు ముందు పొట్ట తగ్గించండి," అని చెవిలో చెప్పి వెళ్లిపోయింది.

ఆరు వారాలు గడిచాయి. అతనంటే అక్కడ ఎవరికీ గిట్టదు. ఆ కుర్చీ మీద కన్నేసిన పాత కాపీరైటర్ పలకరిస్తే పళ్లు నూరేవాడు. సేల్స్ హెడ్ పొద్దున్నే విరుచుకుపడేవాడు. "లైకులు కాదయ్యా, లీడ్లు కావాలి, కారు కొనేవాళ్ల ఫోన్ నంబర్లు! లైకుల్ని తోలుకుంటూ రోడ్డెక్కుతామా?"

ఏడో వారం, గురువారం, పదకొండూ నలభై. ప్రకటనల నివేదిక చూస్తున్న నల్లపూస చెయ్యి ఆగిపోయింది. లక్షల మందికి చేరిన ప్రకటనల మధ్య ఒకటి: రీచ్, ఒకటి. ప్రపంచంలో ఒకే ఒక్క మనిషికి చూపించిన ప్రకటన. లింకు నొక్కితే మెనూలో ఎక్కడా లేని పేజీ తెరుచుకుంది. 'మీ టెస్ట్ డ్రైవ్ ఖాయమైంది. పన్నెండింటికి కారు మీ గుమ్మం ముందుంటుంది.'

పేరు లేదు. చిరునామా లేదు. వివరాలన్నీ నేరుగా విదేశీ సర్వర్‌కి పోయాయి.

ఆ పేజీ ఎవరి చేతిపనో మాత్రం చూడగానే తెలిసింది. బటన్‌కీ అక్షరాలకీ మధ్య సరిగ్గా పన్నెండు పిక్సెళ్ల జాగా. ఆ జాగా కోసం డిజైనర్ అతనితో మూడు మీటింగుల్లో కొట్లాడింది. కంచే చేను మేస్తోంది.

ఊరూ పేరూ తెలియని ఆ నాలుగో ఇంజనీరుని హెచ్చరించాలంటే దారి ఒక్కటే. కారు కోసం ఎదురుచూస్తూ ఆ మనిషి తెరిచే ఆ పేజీయే. నల్లపూస అందులో రెండు వాక్యాలు మార్చాడు. కానీ డిజైనర్ అప్రూవ్ నొక్కితే తప్ప సైట్‌లో ఏ మార్పూ బయటికి పోదు. ఆ పొద్దున్నే కొత్త మోడల్ పేజీలో 'ఏడు సీట్ల కారు' బదులు 'ఏడుపు సీట్ల కారు' అని పడి రభస జరుగుతోంది. ఆ దిద్దుబాటు పైన పెట్టి, తన మార్పు కింద దాచి, రెండూ ఒకే మూటగా పంపాడు.

పదకొండూ యాభై నాలుగు. గాజు గది తలుపు మూసుకుంది. తెర దిగింది. డిజైనర్ చేతిలో లిప్‌స్టిక్కంత పిస్టల్.

"ఆ పేజీ ఎందుకు తెరిచావ్?"

"రెండు వైపులా ఎప్పట్నుంచి తింటున్నావ్?"

"మీ చీఫ్ నన్ను చేర్చుకోక ముందు నుంచే. కదిలావంటే చస్తావ్. పన్నెండు దాటనీ."

తలుపు దబదబా మోగింది. సేల్స్ హెడ్! "ఏమ్మా! ఊరంతా మనల్ని చూసి నవ్వుతోంది. ఆయన దిద్ది పంపాడట, నువ్వు నొక్కవేం?"

"ఒక్క నిమిషం సార్!"

"నిమిషం లేదు, గిమిషం లేదు! నొక్కుతావా, తలుపు పగలగొట్టనా?"

ఆమె పళ్లు బిగించి ఎడమ చేత్తో ఫోన్ తీసింది. పై వరస చదివింది. నొక్కింది.

"వెళ్లిపోయింది సార్!"

బయట అడుగుల చప్పుడు దూరమైంది. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. నల్లపూస ఫోన్ మోగింది.

ఆమె చూపు ఆ ఫోన్ మీదికి, అక్కణ్నుంచి తన ఫోన్ తెర మీది రెండో వరస మీదికి దూకింది. "దొంగ వెధవా!" పిస్టల్ లేచేలోగా నల్లపూస బల్ల మీది అలాయ్ వీల్ నమూనా విసిరాడు. గుండు పోస్టర్‌లోని కారు హెడ్‌లైట్‌లో దిగింది. ఆమె చెయ్యి మెలితిప్పి పట్టుకుని ఫోన్ ఎత్తాడు.

"హలో... కారెక్కొద్దు, ఈ నంబరుకి చెయ్యమని బుకింగ్ పేజీలో పడింది." ఆడమనిషి గొంతు. "కారు గేటు ముందే ఉంది. మా అత్తయ్య వాడితో మాట్లాడుతోంది!"

"ఆవిణ్ణి లోపలికి పిలవండి. గడియ పెట్టండి. అడ్రస్ చెప్పండి."

"అత్తయ్యా! పాలు పొంగుతున్నాయి, రండి!"

గడియ పడిన చప్పుడు ఫోన్లోనే వినిపించింది.

తొమ్మిది నిమిషాల్లో పోలీసులు ఆ తెల్ల కారును వీధి మలుపులో పట్టుకున్నారు. డ్రైవర్ నోరు విప్పాడు. సాయంత్రానికి ఒక టైర్ల గోదాములో ముగ్గురు ఇంజనీర్లూ దొరికారు, చిక్కి శల్యమై, కానీ ప్రాణాలతో.

"శభాష్," అన్నాడు చీఫ్ ఫోన్లో. "రేపట్నుంచి అక్కడికి వెళ్లక్కర్లేదు."

"కుదరదు సార్. నోటీసు పీరియడ్ మూడు నెలలట. పైగా డిజైనర్ పోస్టు ఖాళీ అయిందని ఆ పని కూడా నాకే అంటగట్టారు."