గోవిందరావు గుండె గీత

డాక్టర్ గోవిందరావు గోల్‌మురిలోని తన ల్యాబొరేటరీలో, సగం తాగిన టీ కప్పు బల్లమీద పెట్టి కుర్చీలోనే ప్రాణం వదిలాడు. గుండెపోటని డాక్టర్లు రాశారు. నాలుగో రోజున ఢిల్లీలో చీఫ్ ఆ మాట కొట్టేసి, పైన ‘హత్య’ అని రాసి, ఫైలును ఏజెంట్ సత్యప్రసాద్ ముందుకు తోశాడు.

“విదేశీ ముఠా. పేరు ఆర్కిడ్. వాళ్ళ విషం ఏ పరీక్షకూ దొరకదు, ఒక్క గోవిందరావు సెన్సర్‌కు తప్ప. రేపు దాన్ని ఆ ఊరి సోనారి ఎయిర్‌పోర్టు నుంచి మన విమానంలో తీసుకురావాలి. ఆ ల్యాబొరేటరీలోనే ఉన్న మన ఏజెంట్ సౌజన్య సహకరిస్తుంది.”

“హంతకుడు కనిపిస్తే?”

“ప్రాణాలతో కావాలి.”

సత్యప్రసాద్ ఫైలు మూశాడు. తండ్రి లేని తనకు ఫిజిక్స్ నేర్పి మనిషిని చేసినవాడు గోవిందరావు. చీఫ్ చివరి మాట అతని చెవికెక్కలేదు.

మర్నాడు విశ్వకర్మ పూజ. ఊళ్ళో ప్రతి యంత్రానికీ బొట్టు, పూలదండ. ఎలక్ట్రీషియన్ వేషంలో సత్యప్రసాద్ ల్యాబొరేటరీ తలుపు తట్టాడు.

“కరెంటు ఎప్పుడు పోయింది?”

“పోలేదు. దాక్కుంది.”

కోడ్ సరిపోయింది. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు: సౌజన్య తలుపు తీసింది.

సెన్సర్ టిఫిన్ క్యారియర్ అంత పెట్టె. గోవిందరావు తన రక్తం నుంచే పెంచిన గుండె కణాలు అందులో సజీవంగా ఉన్నాయి. వాటి విద్యుత్తు తెరమీద ముళ్ళకంపలాంటి పచ్చని గీతగా కదులుతోంది. కాలీఫ్లవర్‌లో రెమ్మ తుంచితే అదీ చిన్న కాలీఫ్లవరే అయినట్టు, ఆ గీతలో గంటను చూసినా, నిమిషాన్ని చూసినా, సెకనును పెద్దది చేసి చూసినా అవే ముళ్ళు. దాన్నే ఫ్రాక్టల్ అంటారు. విషం సోకితే కణాలు చావకముందే ముళ్ళు రాలి గీత నున్నబడుతుంది.

మనిషి పోయాడు. గుండె మాత్రం పెట్టెలో కొట్టుకుంటోంది.

“పూజ షర్బత్, మీకోసమే చేయించాను,” అని సౌజన్య గ్లాసు అందించింది. అతను దాన్ని పెదవుల దాకా తెచ్చాడు.

“ఆగండి బాబూ.” కుంకుమ పళ్ళెంతో నిలబడి ఉన్న ల్యాబ్ ఆయా బంగారమ్మ అడ్డుకుంది. “ఇయాల పహ్లే మెషీన్‌కి. తరవాతే మనకి.”

“మెషీన్ పాడైపోతుంది,” అంది సౌజన్య చప్పున.

“ఏటీ పాడవదు తల్లీ. ఉప్పూ పంచదారా ఆ గరాటులోనే ఆగిపోతాయని గోవిందరావు బాబే సెప్పారు. ఏటా ఆరే ఏత్తారు చుక్క. ఈయేడు ఆరు లేరు గదా, నానేత్తన్నాను.”

గ్లాసులో వేలు ముంచి, పెట్టెమీది గరాటులో ఒక చుక్క రాల్చింది.

తెరమీద ముళ్ళు ఒక్కొక్కటిగా రాలాయి. గీత నూనె రాసిన తీగలా నున్నబడింది.

సౌజన్య చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. సత్యప్రసాద్ టెస్టర్ ఆమె మణికట్టును తాకింది. అది బల్బులు పరీక్షించే టెస్టర్ కాదు. షాక్ కొట్టి ఆమె చేతి పిస్తోలు నేలమీద పడింది.

అతను గ్లాసును ఆమె నోటికి ఆనించాడు. “తాగండి.”

“ఇది హత్య.”

“కాదు. ప్రసాదం.”

“ఆవిడ సంగతి తరవాత సూద్దురు గాని,” అంది బంగారమ్మ, తెరమీద నుంచి చూపు తిప్పకుండా. “బాబు గుండె ఆగిపోతంది.”

“విరుగుడు ఎక్కడ?”

సౌజన్య మొహం తిప్పుకుంది. అతను గ్లాసు వంచాడు. షర్బత్ లోపలి పెదవిని తడిపింది.

“లిప్‌స్టిక్‌లో!” అని అరిచింది.

అతను ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీసిన లిప్‌స్టిక్ గొట్టంలోంచి ఒక చుక్క గరాటులో పడింది. దాదాపు చదునైన గీతలో ఒక ముల్లు లేచింది. తర్వాత మరొకటి.

“నాకు కూడా... ఒక్క చుక్క,” సౌజన్య గొట్టం కోసం చెయ్యి చాచింది.

సత్యప్రసాద్ గొట్టాన్ని పిడికిట్లో బిగించి గోడగడియారం వైపు తిరిగాడు. “ఆ రోజు టీ ఎవరు కలిపారు?”

“నేనే.”

“ముఠాలో మిగతావాళ్ళు?”

మొదటి నిమిషంలో ఆమె తొమ్మిది పేర్లు చెప్పింది. అతను కదలలేదు. రెండో నిమిషంలో, అతను షర్బత్ తాగి పడిపోగానే సెన్సర్‌తో విమానమెక్కడం తన పని అనీ, ఆ విమానం ఢిల్లీ చేరదనీ, పైలట్ పదో పేరనీ చెప్పింది. అప్పుడు ప్రాణాలతో కావాలన్న చీఫ్ మాట గుర్తుకొచ్చి, గొట్టం మూత తీసి ఆమె నోట్లో ఒక చుక్క వేశాడు.

పోలీసులు వచ్చేదాకా ఆమెను ఆ గీత ఎదుట కూర్చోబెట్టి, కళ్ళు దించనివ్వలేదు.

రిపోర్టులో ‘ప్రత్యక్ష సాక్షి’ అన్న చోట అతను ‘డాక్టర్ గోవిందరావు, కీర్తిశేషులు’ అని రాశాడు. సరిచేయమంటూ ఢిల్లీ ఆఫీసు రెండుసార్లు తిప్పి పంపింది. మూడోసారి అతను సాక్షి ఆరోగ్యం నిలకడగా ఉందని కూడా చేర్చాడు.